కొత్త హెడ్‌ఫోన్లలో వినపడని గంటలు

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరూ, మీ ఓడా నిబ్బరంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో అయితే సగం మాటకే అడ్డుపడతారు, అందుకే ఇదంతా ఉత్తరంలో రాస్తున్నాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. పాపకు లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. ఇక సెలవు మీద ఊరికొచ్చిన మీ ఓడ వంటాయన చేత పంపిన హెడ్‌ఫోన్లు ఎలా ఉన్నాయని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

పెట్టె విప్పగానే చెవులకు ఆనే ఆ మెత్తలు చూసి మురిసిపోయాను. బస్టాండు దగ్గర చవగ్గా కొన్న నా పాతవాటిని పక్కన పెట్టుకుని, మనిద్దరికీ ఇష్టమైన ఆ వేణువు పాటను రెండింటిలోనూ మార్చి మార్చి విన్నాను. కొత్తవి చెవికి సుఖంగా ఉన్నమాట నిజమే. పాట మాత్రం అదే పాట! ఇంత ఖరీదు పెడితే వచ్చింది మెత్తలేనా? మీరు తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. మరి దారిలో సరుకు మార్చిందెవరు? నా అనుమానం వంటాయన మీదకు పోయింది. మర్నాడే టీకి పిలిచాను.

“అన్నయ్యగారూ, దారిలో ఈ పెట్టె ఎవరైనా విప్పారా?”

“ఎవరు విప్పుతారమ్మా? నా బట్టల మధ్య పెట్టుకుని తెచ్చాను.”

“ఊరికే అడిగాను లెండి. అంచు కాస్త నలిగినట్టుంటేనూ...”

ఆయన కప్పు కింద పెట్టేశాడు. “అంటే నేను మార్చేశాననా?”

నేను కాదనలేదు. టీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

గుమ్మంలోంచి ఇదంతా విన్న పాప రెండూ పెట్టుకుని చూసింది. “అమ్మా, కొత్తదాంట్లో పల్లవి వెనక చిన్న చిన్న గంటలు ఎంత బాగున్నాయో! పాతదాంట్లో అవి మసక మసగ్గా ఉన్నాయి,” అంది. నాన్న పంపినవి కదా, వెనకేసుకొస్తోంది అనుకున్నాను. దాని కళ్లకు గంతలు కట్టాను. మెత్తల తేడా తెలియకుండా చెవుల మీదుగా తువ్వాలు చుట్టి, ఒకటి తీసి ఒకటి పెట్టాను. ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. అప్పటికీ నమ్మక, గంతలు పలచగా ఉన్నాయేమోనని మడత పెట్టి మళ్లీ కట్టాను.

చివరికి అదే నాకు కొత్తవి తగిలించింది. “గంట మోగినప్పుడల్లా వేలెత్తమ్మా.”

వేణువు వినిపిస్తోంది, దరువు వినిపిస్తోంది. గంట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది.

“ఒక్కసారీ ఎత్తలేదేమ్మా?” అంది పాప. దాని మొహంలో వేళాకోళం లేదు.

ఇన్నాళ్లూ మీకు రాయని సంగతి ఇప్పుడు చెబుతాను, కంగారుపడకండి. మా ఫ్యాక్టరీలో మిక్సీ మోటార్లు తిప్పి, చప్పుడు విని, బాగున్నవాటిని ప్యాకింగుకు పంపేది నేనే కదా. నేను పంపిన మోటార్లను ఈ మధ్య పక్క సీటు పిల్ల వెనక్కి తెస్తోంది. “అక్కా, ఇది సన్నగా కీచుమంటోంది, మళ్లీ ఒకసారి వినవా?” అంటుంది. నా కుర్చీ మీద కన్నేసిందని దానితో మాటలు మానేశాను. వంటాయన దొంగ, పాప అబద్ధాలకోరు, ఆ పిల్ల గోతులు తవ్వేది. అందరినీ అనుమానించాను, నా చెవులను తప్ప.

చెవుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. సన్నటి శబ్దాలు రెండు చెవులకూ అందడం లేదంది. మోటార్ల హోరులో ఏళ్లు గడిపినందుకట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోమంది.

నోరు మూసుకుంటే కొన్నాళ్లు గడిచిపోతుంది. ఆ బుద్ధీ పుట్టింది, అబద్ధమెందుకు? కానీ నేను బాగుందన్న మోటారు ఎవరి వంటింట్లోనో కాలితే? నేనే వెళ్లి సూపర్‌వైజరుకు చెప్పాను. నన్ను మోటార్లకు తీగ చుట్టే విభాగంలో వేశాడు. నా కుర్చీలో కూర్చోమంటే ఆ పిల్ల కూర్చోదే! “నువ్వే కదక్కా నాకు పని నేర్పావు,” అని ఏడ్చింది. భుజాలు పట్టి నేనే కూర్చోబెట్టాను. ఆ తర్వాత బయటికొచ్చి నేనూ ఏడ్చాను.

వంటాయన ఇంటికి వెళ్లి తప్పయిపోయిందన్నాను. ఆయన వెంటనే కరగలేదు. “టీ తాగి వెళ్లమ్మా,” అన్నాడు కానీ, నేను కప్పు ఖాళీ చేసేదాకా నావంక చూడలేదు.

మీరు పని మానేసి పరుగెత్తుకు రావద్దు. హెడ్‌ఫోన్లు అసలైనవే, పాప వాడుకుంటోంది. నాకు ఒక్క ఉపకారం చేయండి. రేవు నుంచి ఫోన్ చేసినప్పుడు, తోటివాళ్లు వింటారని చివర్లో గొంతు తగ్గించి ఏదో అంటారు చూడండి, అది నాకు చాన్నాళ్లుగా వినపడటం లేదు. వినపడినట్టే నవ్వుతున్నాను. ఇకమీదట ఆ మాట గట్టిగా చెప్పండి. ఓడంతా విన్నా ఫరవాలేదు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూసే
మీ ఇంటావిడ