రాక్షసిబొగ్గు మల్లెలు

సూర్యాపేట,
12 ఏప్రిల్ 1949

తమ్ముడు విశ్వనాథానికి అక్క ఆశీస్సులు.

హైదరాబాదులో నీవు పనిచేసే మందుల దుకాణం నుంచి పంపిన మల్లె వాసన సీసా అందింది. నీవు చెప్పినట్టే పది తులాల చందనం నూనెలో మూడు చుక్కలు కలిపాను. వాసన చాలలేదనిపించి మరో మూడు వేశాను. అది నా పొరపాటు.

ఆ అత్తరును మా ఆడబిడ్డ సక్కుబాయి చెవి వెనక రాసుకుంది. భర్త పోయిన పదకొండేళ్లుగా ఆమె పువ్వు ముట్టలేదు. మా అత్తగారు వాసన పట్టేశారు.

"మొగుడు పోయినదానికి మల్లెపూలెందుకే? రేపే నిన్ను వేములపల్లి తోలుత. మీ చిన్నాయన ఇంట్ల వండుకుంట పడుండు" అన్నారు.

సక్కుబాయి జడ విప్పి చూపించినా నమ్మలేదు. నేను సీసా తెచ్చాను.

"దీంట్ల పువ్వు లేదత్తమ్మా, రాక్షసిబొగ్గుల నుంచి తీసిన మందు."

"బొగ్గుకు గిసొంటి వాసనొస్తదా? నీ తమ్మునితోని రాయించు, అప్పుడు సూస్త."

కాబట్టి ఇందులో పువ్వు లేదని దుకాణం కాగితం మీద రాసి, ముద్ర వేయించి వెంటనే పంపు. అంతవరకు సక్కుబాయి ప్రయాణం ఆగింది.

వీలైతే ఇంకొక సీసా కూడా పంపు. నిన్న పూజ అయ్యాక అత్తగారు నన్ను పిలిచి, "పువ్వు లేదంటివి గద?" అని మళ్లీ అడిగారు. లేదన్నాను. మామగారు పోయి ముప్పై ఏళ్లు. ఆమె అత్తరు రాయమన్నట్టు తన ముంజేయి నా ముందుకు చాపారు. కాగితం రానీయమన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మీ అక్క