ఓడ గొంతు

మా ఇంట్లో నోరున్న ఒకే ఒక్క మనిషి, మా అక్కకు,

ముందే తిట్టకు, చివరిదాకా చదివి తిట్టు. ఏడాదిగా నువ్వు ఫోన్ చేస్తుంటే నేను ఎత్తడం లేదు. ఒకసారి ఫోన్ పాడైందని రాశాను, ఇంకోసారి షాపులో ఊపిరి సలపనంత పని అని రాశాను. రెండూ అబద్ధాలే. నాకు గొంతు లేదక్కా. జలుబు చేసి పోయిన గొంతు కాదు, ఇక తిరిగి రాదు. లోపల కంతి పెరిగిందని డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దాని మీద మెత్తటి గుడ్డ కట్టుకుంటాను. దర్జీదాన్ని కదా, చీరకో రంగు కుట్టుకున్నాను. రోగం మళ్లీ రాలేదు, కంగారుపడకు. కానీ షాపు మూసేసి వచ్చి మీ దగ్గరే ఉండిపొమ్మన్నావు చూడు, అది మాత్రం కుదరదు. నేను రాను, నువ్వూ రావద్దు. నీ ఎదురుగా కూర్చుని పలకా బలపం పట్టుకుని ఒక్కో ముక్కా రాసి చూపించడం నా వల్ల కాదు.

మరి ఎలా బతుకుతున్నావంటే, ఒక సినిమా సంగతి చెప్పాలి. వయసులో ఉండగా అంతరిక్షం సినిమా ఒకదానికి బట్టలు కుట్టాను, గుర్తుందా? నువ్వు బావతో వెళ్లి, సగంలో లేచొచ్చి, “రెయిన్‌కోట్లు తిరగేసి తొడిగితే వేరే గ్రహం వాళ్లైపోతారటే?” అని నన్ను ఏడిపించావు. అదే. అప్పట్లో వారం కూడా ఆడలేదు. ఇప్పుడు మా వీధి చివర పాత హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు అదే వేస్తున్నారు. చూసినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు.

కథంటూ పెద్దగా లేదు. ఒక ఆకాశ ఓడ ఏదో గ్రహం మీద దిగుతుంది. అందులోని మనుషులు ఒక్కొక్కరే బయటికి వెళ్తారు, ఎవరూ తిరిగి రారు. ఓడకు ఒక గొంతు ఉంటుంది. వాళ్లు పోయారని దానికి తెలియదు. రోజూ భోజనానికి పిలుస్తూనే ఉంటుంది. “వంట చల్లారిపోతోంది, రండి” అంటుంది. ఓడ గోడలంటే కోడిగుడ్ల అట్టలకు వెండిరంగు పూసినవి. గ్రహమంటే ఊరి బయట కంకర క్వారీ. చందమామను వేలాడదీసిన దారం స్పష్టంగా కనిపిస్తుంది, అది కనబడగానే జనం చప్పట్లు కొడతారు. ఓడ పిలిచినప్పుడల్లా హాలంతా ఒక్కసారిగా “వస్తున్నాం!” అని అరుస్తుంది.

వెక్కిరిస్తున్నారని మొదట ఒళ్లు మండింది. తర్వాత అర్థమైంది, అది వెక్కిరింపు కాదు. మిగతా సినిమాలు కుట్లు కనబడకుండా దాచుకుంటాయి. దీనికి దాచుకునే తాహతు లేదు. అయినా తలెత్తుకుని తన కథ తాను చెప్పేస్తుంది. వారమంతా ఏదో ఒకటి దాచుకుని తిరిగేవాళ్లు దీని ముందు కాస్త వదులుగా కూర్చుంటారు. నత్తి ఉన్న పోస్ట్‌మన్ వస్తాడు, భార్య వదిలేసిన పళ్ల డాక్టర్ వస్తాడు. నేనూ వెళ్తాను.

ఆ గొంతు నాదక్కా. నువ్వు అంతగా నవ్వాక నీకు చెప్పబుద్ధి కాలేదు. కుదుర్చుకున్న నటి దర్శకుడితో పోట్లాడి వెళ్లిపోయింది. నేను మూలన కూర్చుని అంచులు మడుస్తున్నాను. “టైలరమ్మా, ఈ నాలుగు ముక్కలూ చదివెయ్” అంటూ ఆ దర్శకుడు మైకు నా మీదికి తోశాడు. నా పెదాల మధ్య గుండుసూదులున్నాయి. అవి తీసేదాకా ఆగితేగా ఆ మహానుభావుడు! పెదాలు కదపకుండానే చదివేశాను. మళ్లీ చదువుతానంటే, “వద్దొద్దు, భలే వింతగా ఉంది” అన్నాడు. తెర మీద నా పేరు వెయ్యలేదు. ఇప్పుడు ఆ మాటతీరు మీద చర్చలు! మొన్న పళ్ల డాక్టర్ లేచి, “యంత్రానికి మొట్టమొదటిసారి దుఃఖం కలిగితే అలాగే మాట్లాడుతుందండీ, అదీ దర్శకుడి ప్రతిభ” అన్నాడు. “ఆవిడెవరో పెద్ద నటి, పోయింది పాపం” అంది నా పక్కసీటావిడ. సూదులయ్యా బాబూ, సూదులు అని అరవాలనిపించింది. పగలబడి నవ్వాను కూడా. నా నవ్వుకు చప్పుడుండదు కాబట్టి ఎవరూ ఇటు తిరగలేదు.

కాగితం మీద రాసి చెప్పొచ్చు. ఏదీ, ఒక్కసారి పలికి చూపించమంటే ఏం చెయ్యను? అందుకని ఊరుకుంటాను. హాలంతా నాకు జవాబిస్తుంటే, నేనొక్కదాన్నే నోరు తెరిచి కూర్చుంటాను. ఆట అయ్యాక ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ఎంత ఒంటరిగా ఉంటుందో రాయడం నాకు చేతకావడం లేదు. నీకైనా నా పాత గొంతే గుర్తుండిపోనీ. మన్నించు.

నీ చెల్లి

*

ఒసేయ్ మొండిదానా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత మీ బావ మీద అరిచాను. ఆయనేం చేశాడంటే, ఏమీ చెయ్యలేదు, దగ్గర్లో ఉన్నాడు. ఆపరేషన్‌కు ఒక్కదానివే వెళ్లి పడుకున్నావా? నేను చచ్చాననుకున్నావుటే? ఇది నీ ఎదురుగా అడగాలి, కాగితం మీద సరిపోదు.

ఆ సినిమాలోంచి నేను లేచొచ్చింది బాగాలేక కాదు. మొదటి పిలుపుకే తెలిసిపోయింది, అది నువ్వేనని. అప్పుడు నాకు పెళ్లయిన కొత్త. తెలిసిన మొహం ఒక్కటి లేని ఊళ్లో, చీకట్లో, నువ్వు నన్ను అన్నానికి పిలుస్తున్నావు. ఎలా కూర్చోమంటావు? కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చేశాను. మీ బావ తలనొప్పేమో అనుకున్నాడు. దిగులు పెట్టుకున్నానని నీకు తెలియకూడదని, నిన్ను చూడగానే రెయిన్‌కోట్ల మీద జోకులేశాను. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం ఇద్దరమే.

ఇంకో మాట విను. నీ గొంతు వినడానికి ఫోన్ చేసేదాన్ననుకుంటున్నావా? మనిద్దరిలో నువ్వెప్పుడు మాట్లాడావే తల్లీ? నువ్వు “ఊ” అనేదానివి, నేను వాయించేదాన్ని. ఇక్కడ నేను నోరు తెరిస్తే మీ బావ చెవిమిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. కోడలికి అప్పుడే గిన్నెలు గుర్తొస్తాయి. అందుకని ఈ ఏడాదంతా, నువ్వు ఎత్తకపోయినా, అక్కడ మోగినంతసేపూ ఇక్కడ మాట్లాడుతూనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులు, పెద్దాడి ఉద్యోగం ఊడటం, అన్నీ ఆ మోతకే చెప్పుకున్నాను. ఆగిపోతే మళ్లీ కలిపేదాన్ని. నాకు మతి పోయిందనుకున్నారు ఇంట్లో.

బుధవారం పొద్దుటి బండికి దిగుతున్నాను. రావద్దని రాశావు, చదివాను. పరామర్శకు వస్తోందనుకుని మొహం చాటేసేవు. నిన్ను ఓదార్చడానికి కాదే నేను వచ్చేది. వినేవాళ్లు లేక చచ్చిపోతున్నాను. స్టేషన్‌కు రా.

అక్క