పరదా ఉతికిన రోజు

12 జూన్ 1939, సోమవారం. నాగర్‌కర్నూలు

మా ఆడపిల్లల బడికి ఇవాళ ఉర్దూ టీచరమ్మ వచ్చింది. పేరు ఖతీజాబీ. ప్రైవేటు బడికి సర్కారు ఇజాజత్, అదే అనుమతి, కావాలంటే ఉర్దూ చెప్పేవాళ్ళు ఉండి తీరాలని రూల్ అట. ఇజాజత్ లేకపోతే బడికి తాళం. ఆరేళ్ళుగా మా ఇంటి వసారాలో నేను అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు ఈ రూల్ ఎక్కడ పడుకుందో! కమిటీ సెక్రటరీ కురుమూర్తి వకీలేమో, ఇన్‌స్పెక్టర్ వచ్చి పోయేదాంక జర ఓపిక పట్టు సుభద్రమ్మా, అన్నాడు.

ఆమె పరదా కట్టిన బండిలో వస్తుంది. గాజుల దుకాణం మహబూబ్ ఆమె అన్న. చెల్లెలు పరాయి మగవాళ్ళ కంట పడకూడదన్న ఒక్క షరతు మీద పంపుతున్నాడు. కమిటీ మాట ఇచ్చింది. అందుకని వసారా పక్క గదికి ఆకుపచ్చ పరదా వేలాడదీశారు. మగవాళ్ళెవరు వచ్చినా దాని అవతల నిలబడే మాట్లాడాలి. దాన్ని కట్టడం, విప్పడం నా పని అట. అందుకే పుట్టాను కదా నేను.

మనిషి బాగుంది. నవ్వితే ఇంకా బాగుంది. అదే నా బాధ.

15 జూన్, గురువారం

బడికి హెడ్ ఖతీజాబీ అట. నేను కాదు!

హెడ్‌కి ఉర్దూ రావాలట, కమిటీ తీర్మానం చేసిందట. ఏ కమిటీ? ఎప్పుడు కూర్చుంది? మా కమిటీ కూర్చోదు, తిరుగుతుంది. కురుమూర్తి కాగితం చంకలో పెట్టుకుని ఒకరి అంగడికి, ఒకరి పొలానికి పోయి సంతకాలు పెట్టించుకొస్తాడు. ప్రెసిడెంటు గొర్రెల బేరం మధ్యలో చదవకుండానే పెట్టాడట. మీటింగ్ లేకుండా హెడ్‌ని వేయడం రూల్ కాదు కదా అని అడిగాను. రూల్ సర్కారుకమ్మా, మనకేంది, అని నవ్వాడు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అత్త అంటుండేది. అత్త మాట నిజమైనందుకు ఒళ్ళు ఇంకా మండుతోంది.

19 జూన్

పిల్లలు ఆమెను ఆపా అంటున్నారు, అక్క అని. నేను ఇంకా పంతులమ్మనే.

3 జూలై, సోమవారం

మణెమ్మ నేను వేలు పట్టి ఓనమాలు దిద్దించిన పిల్ల. ఇవాళ తన సద్దిలో జొన్నరొట్టె సగం తుంచి ఖతీజాబీ చేతిలో పెట్టింది. నాకు ఒక్కనాడైనా పెట్టిందా? పెడితే తినేదాన్ని కాదనుకోండి, కానీ పెట్టాలి కదా. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన వాళ్ళమ్మ జోగులమ్మ, కొత్త పంతులమ్మ కొట్టది, తిట్టదు, పోరి బడి బడి అని పానం తీస్తది, అని నాతోనే చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ నేను కొట్టాననేగా! కొట్టాను. అది వేరే సంగతి.

పిల్లలు పోయాక ఖతీజాబీ పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అక్కా, నాకు తెలుగు ఒత్తులు రావు, జర చెప్తరా, అంది. చెప్పాను. ఇట్టే పట్టేసింది. అదీ నాకు నచ్చలేదు. ఈ కడుపుమంటకు దవాఖానలో మందు దొరికితే బాగుండు.

10 జూలై, సోమవారం

ఎల్లుండే తనిఖీ. రావలసిన ఇన్‌స్పెక్టరమ్మకు జ్వరమట, బదులు మగ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. హెడ్ ఆయన వింటుండగా ఉర్దూ పాఠం చెప్పాలి. పరదా వెనక నుంచి చెప్పినా సరేనన్నాడట. హెడ్ నోరు విప్పకపోతే మాత్రం ఇజాజత్ లేదు.

పరదా మంచిగ కట్టు సుభద్రమ్మా, గంతే నీ పని, అన్నాడు కురుమూర్తి. గంతేనట.

12 జూలై, పొద్దున

పరదా ఉతికాను. ఉతకమని ఎవరూ అనలేదు. పెద్దమనిషి వస్తున్నాడు, మురికిగా ఉంది, ఉతికాను. బయట ముసురు. ఆరదు.

పెట్టెలో దుప్పటి ఉంది, అది కట్టొచ్చు. పెట్టె తాళంచెవి కనబడటం లేదని చెప్తాను. ఆమె మాట్లాడకపోతే ఏం, నేను లేనా? అప్పుడైనా ఈ బడి ఎవరిదో ఇన్‌స్పెక్టర్‌కి తెలుస్తుంది.

12 జూలై, సాయంత్రం

రాయాలని లేదు. అయినా రాస్తున్నాను.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి గుమ్మం బోసిగా ఉంది. ఖతీజాబీ గది మూలకు ఒదిగి నిలబడింది. ఎన్నడూ కూర్చోని కమిటీ ఇవాళ మాత్రం వసారా నిండా కూర్చుంది. నేను ముందుకు పోయి నమస్కారం పెట్టాను. ఆయన ఉర్దూలో ఏదో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో నా ఆరేళ్ళ సంగతి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, హెడ్ ఎక్కడ అన్నాడు. కురుమూర్తి లోపలి గది చూపించి, పరదా ఆరలేదన్నాడు. ఆయన కలం తీశాడు. ఇక తాళమేనని అందరికీ తెలిసిపోయింది. మణెమ్మ ఏడుపు అందుకుంది.

అప్పుడు ఖతీజాబీ కొంగు తల మీదికి లాక్కుని బయటికి వచ్చింది. అంతమంది మగవాళ్ళ ముందుకు! సలాం చేసి పాఠం మొదలుపెట్టింది. మొదట గొంతు తడబడింది, తర్వాత నిలిచింది. ఇన్‌స్పెక్టర్ మర్యాదగా తల దించుకుని విన్నాడు. మన కమిటీ వాళ్ళే కళ్ళప్పగించి చూశారు.

బండి ఎక్కబోతూ, పరదా ఆరలేదా అక్కా, అని అడిగింది. లేదన్నాను.

15 జూలై, శనివారం

ఆమె రాలేదు. కురుమూర్తి గాజుల దుకాణానికి పోతే, మీరు మాట తప్పిన్రు, ఇగ పంపను, అన్నాడట మహబూబ్. గొంతు కూడా పెంచలేదట. ఆమెకు గద్వాల సంబంధం ఒకటి కుదరబోతూ ఉండిందట. అదీ పోయిందట. ఖతీజాబీ మాత్రం లోపలి నుంచి ఒక్కటే అడిగిందట, ఇజాజత్ వస్తదా, అని.

నేను కోరుకున్నదే అయింది. అన్నం సహించలేదు.

22 జూలై, శనివారం

ఇజాజత్ వచ్చింది, ఖతీజాబీ పేరు మీద. హెడ్ పేరు మార్చాలంటే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ తనిఖీ, అప్పటిదాకా బడి మూత.

కురుమూర్తి దగ్గర ఉపాయం ఉంది. ఇక వచ్చేది హాజరు చూసిపోయే వేరే క్లర్కట. పరదా ఎనక ఎవరున్నరో వానికేం తెలుస్తది, నువ్వు కూసో, అన్నాడు. మోసం కదా అన్నాను. మరి బడి మూస్తమంటవా, అన్నాడు. ఖతీజాబీ అంటే నేనేనని చెప్పేటట్టు పిల్లలకు కూడా నేర్పి పెట్టమన్నాడు.

నేర్పాను. అంతా విని మణెమ్మ, ఆపా ఎప్పుడొస్తది, అని అడిగింది.

3 ఆగస్టు

పరదా నేనే కట్టి, నేనే వెనక కూర్చున్నాను. అవతల నుంచి మగ గొంతు ఖతీజాబీ అని పిలిచింది. పిల్లలందరూ నా వైపు తిరిగారు.

హాజిర్, అన్నాను.