వోమరెల్ వారి పిల్లాడు

ఏప్రిల్ 6
ఎడిసన్ నుంచి రాజ్యం పిన్ని ఫోన్. మా అమ్మాయి మేఘనకి ఇరవయ్యారున నిశ్చితార్థం అని చెప్పగానే మొదటి ప్రశ్న: "ఇంటిపేరేమిటే?" పిల్లాడి పేరు తర్వాత అడిగింది. ఆండ్రే వోమరెల్ అన్నాను. "అదేం ఇంటిపేరు?" ఫ్రెంచ్ పేరు పిన్నీ అన్నాను. "ఓహో, ఫ్రెంచివాళ్ళా..." గొంతులో మార్పు, కుర్చీ లాక్కుని సర్దుకుని కూర్చున్నట్టు. పిల్లాడు స్కూల్లో మ్యూజిక్ టీచరని చెప్పినప్పుడు పోయిన మర్యాద కాస్తా వెనక్కి వచ్చింది.

ఫ్రెంచివాళ్ళు కాదు, లూసియానా నుంచి వచ్చిన నల్లజాతివాళ్ళు — అనలేదు. ఆవిడ అడగలేదుగా.

ఏప్రిల్ 8
లంచ్ టైమంతా వోమరెల్‌ల వేట. ఎవరో శ్రద్ధగా పెట్టిన పేజీ దొరికింది, ఆ ఇంటిపేరుతో పేరు తెచ్చుకున్నవాళ్ళందరూ ఉన్నారు. రాజుతో దెబ్బలాడి ఊరొదిలిన బిషప్పు. బెలూన్లో ఎగిరి గడ్డివాము మీద దిగిన ఒకావిడ — దిగగానే టోపీ ఏదని వెతుక్కుందట. గెలిచిన ఆటలకంటే ఓడిన ఒక్క ఆటతో గుర్తుండిపోయిన చదరంగం ఆటగాడు. తర్వాత సముద్రం దాటి లూసియానా వచ్చి, పెద్ద తోట వేసి, అక్కడి పువ్వులన్నిటి బొమ్మలూ గీసిన శాస్త్రవేత్త.

ఆండ్రేలో వీళ్ళని వెతుక్కుంటున్నాను. ఆ ముక్కు బిషప్పుది కావచ్చు. కారు తాళాలు ఎప్పుడూ పోగొట్టుకోవడం బెలూన్ ఆవిడది.

మన అలవాటే అంత. ఎక్కడో రైల్లో మన ఇంటిపేరు వినిపిస్తే చాలు, మీదే ఊరండీ అని పక్కకి జరిగి కూర్చుంటాం.

ఏప్రిల్ 9
పిన్నికి చెప్పాను. గంటలో ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ — మన మేఘనను ఇస్తున్నది ఫ్రాన్సు పండిత వంశంలో, బిషప్పులు, శాస్త్రవేత్తలు. చివర దణ్ణాలు.

మా ఆయన శ్రీధర్ చదివి, "బిషప్పుకి వంశమేమిటి సుధా, పెళ్ళే లేదు కదా" అన్నాడు. పడీ పడీ నవ్వాను.

ఏప్రిల్ 10
ఆ శాస్త్రవేత్త గీసిన పువ్వు బొమ్మ ప్రింటు దొరికింది. ఫ్రేము కట్టించాను. ఆండ్రే వాళ్ళమ్మకి ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది.

ఏప్రిల్ 12, శనివారం
ఆండ్రే వాళ్ళమ్మ లూసిల్ గారు భోజనానికి వచ్చారు. ఆండ్రే బాల్టిమోర్ నుంచి తీసుకొచ్చి మా ఇంట్లో దింపి, మేఘనతో చీరల కొట్టుకి వెళ్ళాడు. ఇక వంటింట్లో మేమిద్దరమే. బెండకాయలు చూడగానే చేతులు కడుక్కుని కత్తి తీసుకున్నారు. జిగురు పోయేదాకా వేయిస్తావా, మేం ఆ జిగురు కోసమే వండుతామే... నన్నేదో తప్పు చేస్తుంటే పట్టుకున్నట్టు చూశారు. ఎంత హాయిగా ఉండిందో ఆ కాసేపు.

అప్పుడు ఫ్రేము తెచ్చాను. మీ పూర్వీకుడు గీసిన పువ్వు అన్నాను. గర్వంగా. నా సొంత తాత గీసినట్టు.

చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "పువ్వు బాగుంది." తర్వాత మెల్లగా — "ఈయన మా తాత కాదు సుధా. మా తాతల యజమాని. ఆ తోట తవ్వింది మావాళ్ళు. మాకు పేరు అలా వచ్చింది."

స్టవ్ మీద పప్పు పొంగింది. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.

నేనేమన్నానో గుర్తులేదు. సారీ అనే అయ్యుంటుంది. ఆవిడే నా భుజం మీద చెయ్యి వేసి, అన్నం పెట్టు, ఆకలేస్తోంది అన్నారు. వెళ్ళేటప్పుడు ఫ్రేము అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

ఏప్రిల్ 13
లూసియానా. ఫ్రెంచ్ పేరు. నల్లజాతి కుటుంబం. ఈ మూడూ పక్కపక్కన పెడితే మేఘన పదో ఏట కూడా చెప్పేది. నేను ఎం.ఏ. చదివింది చరిత్ర.

తట్టలేదా? తట్టనివ్వలేదా?

శ్రీధర్ అంటాడు, తెలియక చేశావు, వదిలెయ్ అని. ఎందుకో ఆ మాట నాకు అతకట్లేదు.

ఏప్రిల్ 14
మేఘన ఫోన్. గ్రూపులో మెసేజ్ ఎవరో చూపించారట.

"ఫ్రాన్స్ పండిత వంశం ఏంటమ్మా?"

నవ్వించబోయాను. బిషప్పు జోకు చెప్పబోయాను.

"రాజ్యం అమ్మమ్మకి ఆండ్రే బ్లాక్ అని చెప్పలేదా నువ్వు? ఫొటో కూడా పంపలేదా?"

ఆవిడ అడగలేదు అన్నాను. అటునుంచి — "యూ వర్ హైడింగ్ హిమ్, అమ్మా." అరిచినా బాగుండేది. నిశ్చితార్థంలో ఎవరైనా లేచి ఆ వంశం గురించి మాట్లాడితే లూసిల్ ఆంటీ మొహం చూడలేను, ఆ తర్వాత నీ మొహం కూడా చూడలేనేమో — అంది. అంతా ఇంగ్లీషులో. కోపమొస్తే తెలుగు వదిలేస్తుంది, చిన్నప్పటి నుంచీ.

పిన్ని ఊరుకోదు. ఏ ఫంక్షన్‌లోనైనా మైకు చివరికి ఆవిడ చేతికే వస్తుంది.

ఏప్రిల్ 15
పిన్నికి ఫోన్ చేయాలి.

చేయలేదు.

ఏప్రిల్ 17
పంతులుగారు ఫోన్ చేశారు. తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు ఇరువైపులా మూడు తరాల పేర్లు చదవాలి, అబ్బాయి తరఫువి పంపమ్మా అని. గోత్రం లేకపోతే ఫర్వాలేదట. "కాశ్యప అనేస్తాం. ఎవరికీ లేకపోతే ఆయనే." ఆ మాట విని కాస్త తేలికపడ్డాను. ఎవరూ లేనివాళ్ళందరికీ ఒక ఋషి.

అంటే లూసిల్ గారినే అడగాలి, మీ తాతలెవరండీ అని. నేను. ఆ ఫ్రేము చూపించినదాన్ని.

ఏప్రిల్ 19
బాల్టిమోర్ వెళ్ళాను, ఒక్కదాన్నే. లూసిల్ గారు వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఇంతదూరం సారీ చెప్పడానికే వచ్చావా, అది అయిపోయింది, లోపలికి రా అన్నారు. పంతులుగారి సంగతి చెప్పాను. "మూడు తరాల పేర్లు పైకి చదువుతారా? అందరిముందు?" అంటూ కూర్చుండిపోయారు.

ఆండ్రేకి తల్లి ఇంటిపేరే, తండ్రి ఊసు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. అందుకని ఆవిడ నుంచే మొదలు. ఆవిడ నాన్న ఎర్నెస్ట్ — పోస్టుమాన్, ఉత్తరాలిచ్చే ప్రతి ఇంటి కుక్కనీ పేరుపెట్టి పిలిచేవాడు. తాత ఒక్టేవ్ — పగలు చెరకు కొట్టి, సాయంత్రం కార్నెట్ బూర వాయించేవాడు. ఊళ్ళో పెళ్ళైనా చావైనా ఆయన బ్యాండే. (ఆండ్రే వేళ్ళు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది.) మేనత్త బర్తా — ఓటు రాయించుకోవడానికి వెళితే నల్లమనిషని తిప్పి పంపేవారట, తిప్పి పంపినప్పుడల్లా కొత్త టోపీ కొనుక్కుని మళ్ళీ వెళ్ళేదట. "చివరికి ఓటు వచ్చింది. ఇల్లంతా టోపీలే."

నవ్వుతూ నవ్వుతూ అడిగేశాను, మరి ఆ యజమాని పేరు ఇంకా ఎందుకు ఉంచుకున్నారు అని. అడగకూడదేమో.

"ఆయన పేరేమిటి? ఆయన పువ్వులు గీసుకున్నాడు. ఈ పేరుతో బతికింది మేము."

వచ్చేస్తుంటే కారు దగ్గరికి వచ్చి ఇంకో పేరు చెప్పారు. సెలెస్టిన్. ఒక్టేవ్ నాయనమ్మ. ఆ తోటలో పుట్టింది. అప్పటికి ఇంటిపేరు లేదు. వీలైతే ఆమెనీ చదివించు సుధా. వీలుకాకపోతే వద్దులే.

వీలైతే అన్న మాట ఆవిడ నోట వినడం ఇదే మొదలు.

ఏప్రిల్ 20
పంతులుగారికి సెలెస్టిన్ సంగతి చెప్పాను. ఆయన ఇబ్బంది పడ్డారు పాపం. తల్లి నుంచి మొదలుపెట్టడానికి నిన్ననే ఒప్పుకున్నారు. "ఈవిడ మూడు తరాలకి పైన కదమ్మా. పైగా ఆడమనిషి. ఇంటిపేరేమని చదవను?" ఇంటిపేరు వద్దండీ, పేరొక్కటే అన్నాను. "ఆలోచించి చెప్తా."

ఏప్రిల్ 22
చెప్పేశాను పిన్నికి. ముందు ఆండ్రే ఫొటో పంపించి, ఆవిడ చూసిందని తెలిశాక ఫోన్ చేశాను. ఫోన్లో ముందుగా చెబితే మళ్ళీ ఎక్కడో తప్పుకుంటానని భయం. పిల్లాడు నల్లజాతివాడు. ఆ శాస్త్రవేత్త వాళ్ళ తాత కాదు, వాళ్ళని కొనుక్కున్నవాడు. నాకు ఈమధ్యే తెలిసింది. కానీ పిల్లాడెవరో మాత్రం నాకు మొదటి నుంచీ తెలుసు.

తిడుతుందనుకున్నాను. నలుగురూ ఏమనుకుంటారే అంటుందనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మరి నేను ఫ్రెంచివాళ్ళా అన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావే?"

అదొక్కటే.

"నేను ఏమంటాననుకున్నావో, అది నువ్వే అనేసుకున్నావన్నమాట." ఫోన్ పెట్టేసింది.

ఆవిడ ఏమనేదో నాకిప్పటికీ తెలియదు. మంచిగా అనేదని కూడా నమ్మకంగా చెప్పలేను. అయినా...

ఏప్రిల్ 23
గ్రూపులో నేనే రాశాను. ఆండ్రే ఫొటో, పక్కన ఒక్టేవ్, ఎర్నెస్ట్, బర్తాల గురించి నాలుగు ముక్కలు. ముందు చెప్పిన వంశం తప్పు, తప్పు నాది అని. అందరూ చూశారు. ఎవరో బొటనవేలు పెట్టారు. శ్రీధర్ ఒక పువ్వు పెట్టి, వెంటనే తీసేసి, గుండె బొమ్మ పెట్టాడు.

గ్రూపులో లేని మేఘనకీ అదే పంపాను. చూసింది.

ఏప్రిల్ 24
పిన్ని కొడుకు ఫోన్: "అక్కా, అమ్మ రేపు నాతో కార్లో వస్తోంది. ఏం జరిగింది మీ ఇద్దరి మధ్య? ఇంట్లో ఒక్క మాట లేదు." నిన్ననో మొన్ననో గొడవైందిలేరా అన్నాను. మళ్ళీ తప్పుకున్నాను. వెంటనే తిరిగి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఓ" అన్నాడు. "అమ్మ పెట్టెలో పట్టుచీర పెట్టుకుంది అక్కా, అది మాత్రం చూశాను."

పంతులుగారింకా ఏమీ చెప్పలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం
పిన్ని సాయంత్రం దిగింది. నా మొహం చూడకుండా లోపలికి వచ్చింది. మేఘన అప్పటికే వచ్చి ఉంది. తన దగ్గర మాత్రం ఆగి గడ్డం పట్టుకుని, సన్నబడ్డావు అంది. కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగింది. అప్పుడు నా వైపు తిరిగి — "ఆ పిల్లాడి తల్లి ఫోన్ నంబరివ్వు."

ఎందుకు పిన్నీ?

"రేపు పొద్దున్న నలుగురిలో మొదటిసారి చూడటమేమిటి? ఇవ్వవే."

నేను కలిపి ఇస్తాను, పక్కన ఉంటాను అన్నాను. పిన్నికి వచ్చిన ఇంగ్లీషు డాక్టరు దగ్గరికీ, కూరగాయల కొట్టుకీ సరిపోతుంది, అంతే. "నువ్వు అక్కర్లేదు. నువ్వు చెప్పింది చాలు."

పై గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గొంతు వినిపిస్తోంది, మాటలు అందట్లేదు. పిన్ని గట్టిగా మాట్లాడుతోంది, కానీ ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆవిడ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది. మధ్యలో చాలాసేపు మౌనం. అటువైపు లూసిల్ గారు మాట్లాడుతున్నారేమో. ఏం చెబుతున్నారో. పిన్నికి ఎంత అర్థమవుతోందో.

మేఘన వచ్చి పక్కన కూర్చుంది. లోపల ఏమవుతోందమ్మా అంది, తెలుగులో. తెలియదే అన్నాను. నా భుజానికి ఆనుకోలేదు, లేచీ వెళ్ళలేదు. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.