రంగు నిలిచిన జానెడు చోటు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
9-9-1991

తమ్ముడు ఆమోసుకి,

దేవుని దయవల్ల మేమంతా కులాసాగానే ఉన్నాం. బాగాలేనిది బండి ఒక్కటే.

మన చర్చి సంఘం జీపు వెనక తగిలించి సువార్తకి ఊళ్లు తిరగడానికి మనం చెక్కతో కట్టి, పైన ఫైబర్ అంటించామే, ఆ పడకల బండి రంగంతా మొన్నటి వానకి పొరలు పొరలుగా ఊడిపోయింది. "ఇది ఇనుము కాదన్నియ్యా, పైన మైనం ఉంటాది, గరుకు కాయితంతో రుద్దకపోతే ఏ రంగూ పట్టదు" అని నువ్వు ఏప్రిల్‌లోనే చెప్పావు. "ముప్పయ్యేళ్లు నిమ్‌పురా రైల్వే యార్డులో వేగన్లకి రంగేసినోడిని. పడవలకి పూసే నువ్వా నాకు సెప్పేది?" అని అందరి ముందూ అన్నాను. నువ్వు ఆ సాయంత్రమే రైలెక్కేశావు. నేను వేగన్లకి అడుగుపూతగా కొట్టే ఎర్ర ప్రైమరే దీనికీ కొట్టాను.

అప్పుడు నువ్వు వైజాగ్ నుంచి తెచ్చిన ప్రైమర్ పేరు రాయి, ఇక్కడ ఖరిదా బజారు కొట్లలో అడుగుతాను. దానిమీద తెలుపు వేస్తే ఎండకి పసుపెక్కుతుందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మీ వదిన ఎండు నెత్తళ్లు పంపమంటోంది.

నిన్న మిగిలిన రంగు గీకుతుంటే తలుపు పక్కన జానెడు చోట ఎంతకీ రాలేదు. మీ వదిన చూసి, "అది ఏప్రిల్‌లో మరిది రుద్ది పూసిన సోటు గదా" అంది. గీకుడు ఆపేశాను. ఆ ముక్క అలాగే ఉంచాను.

పైన ప్రైమర్ పేరు అడిగాను గాని, రాయొద్దు. డబ్బా పట్టుకుని నువ్వే రా.

పిల్లలకి దీవెనలు.
మీ అన్న,
జ్ఞానరత్నం