మెడలో వేసుకునే జిప్పు సంచి

అక్కా,

రేపటి నుంచి నీ స్వాతికి హైటెక్ సిటీలో ఉద్యోగం. మన కార్ఖానా బస్తీ నుంచి అంత దూరం వెళ్లి రావాలి. ఉబ్బసం దానికీ నీలాగే వచ్చింది. నువ్వు పోయిన ఆ రోజు బస్సులో నీ ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగు అడుగున ఉండిపోయింది, చేతికి అందనేలేదు. అందుకే నీ చీర ముక్కతో స్వాతి మెడలోకి చిన్న జిప్పు సంచి కుట్టాను. కంగారులో జిప్పు మూసేసి చుట్టూ కుట్టేశాను. ఇక కుట్లు లోపలికి పోయేలా సంచిని తిరగెయ్యడానికి దారే లేదు. అంతా విప్పి మళ్లీ కుట్టాను.

“గింత పరేషాన్ ఎందుకు చిన్నమ్మా? నాకేం గాదు,” అని నవ్వింది స్వాతి.

జిప్పు పట్టేస్తుంటే పళ్లకు కొవ్వొత్తి రుద్దాను. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి లాగి చూశాను. ఒక్క లాగుడుకే తెరుచుకుంది.

అయినా ఊపిరి వదలాలంటే భయంగా ఉంది, అక్కా.