మేనేజర్ గారి మజిలీలు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. 'ఇక్కడ అందరం క్షేమం' అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి రాయబోయి ఆగాను. ఈ ఇంట్లో అందరం అంటే నేనూ మేనేజరూ, అంతే కదా. ఇద్దరిలో ఒకరు నిక్షేపంలా ఉన్నారు. రెండోవాళ్ళ సంగతి కూడా ఈసారి రాస్తాను. కానీ నా వరసలో నన్ను రాయనీ. ముందే చివరి కాగితం తిప్పి చూడకు. నీకు చిన్నప్పటినుంచీ ఆ అలవాటు ఉంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు ఒక మూల తడిసి, ఇంజిన్ నూనె వాసన కొడుతూ వచ్చింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పైకప్పు కారడం లేదు. నీ ఉన్ని దుప్పట్లు ఎండలో వేసి మడతపెట్టాను. పక్కవాటా టీచరమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. ఓడలో కడుపులో తిప్పకుండా ఏం చేస్తారో కనుక్కోమంది కూడా. ఆవిడకి బస్సెక్కితేనే తిప్పుతుందట. ఇక ఫోను ఎందుకు ఎత్తడం లేదన్నావు. మైకు పోయిందని కిందటిసారే రాశాను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

లైబ్రరీలో కొత్తాయన చేరాడు. ఈయనకి పుస్తకమంటే గౌరవం, దుమ్మంటే భయం. అందుకని చిరిగినవన్నీ నా బైండింగు గదికి పంపించి, తను మాత్రం గుమ్మం అవతలే నిలబడి మాట్లాడతాడు. ప్రస్తుతం నా బల్లమీద పెద్ద నిఘంటువు ఉంది, వెన్ను విరిగి మూడు ముక్కలై. కుట్టడం అయిపోయింది. ఇక వెన్నుకి లోపలి పొర అతికించి, అట్ట తొడగాలి. ఆ పొరకి మేం కొత్త కాగితం వాడమని నీకు తెలుసు. చెల్లని ఫారాలు, పాత నోటీసులు, ఏది గట్టిగా ఉంటే అది. పుస్తకం మళ్ళీ విడిపోయేదాకా వాటిని ఎవరూ చూడరు. విడిపోయేసరికి నేనుండను, అప్పటి బైండరు చదువుకుని నవ్వుకుంటాడు.

మేనేజర్ ఎప్పటిలాగే బల్లకింద పడుకుంటున్నాడు. నువ్వు ఓడెక్కుతూ వాడిని నాకు అప్పగించిన రోజున, కుక్కకి ఈ పేరేమిట్రా అంటే, పని చేయకుండా పనిచేసేవాళ్ళని చూస్తూ కూర్చుంటాడక్కా అన్నావు. ఉద్యోగం ఏమాత్రం మారలేదు. నువ్వు పంపిన కీళ్ళ మాత్రలు రొట్టెముక్కలో పెట్టి ఇస్తున్నాను. రొట్టె తిని మాత్రని నా చెప్పులో ఉమ్ముతున్నాడు. వాడికి అది అక్కర్లేదని వాడికి తెలుసు. మనకే తెలియలేదు, అందులో నాకు తెలిసి కూడా తెలియలేదు.

నాలుగు ఉత్తరాలుగా నేను రాస్తున్నది ఒకసారి గుర్తుచేసుకో. ఇంటినుంచి లైబ్రరీకి తొమ్మిది వందల అడుగులు. వాడు ఆ దారిలో ఆగుతున్నాడని, కూర్చుంటే లేవడం లేదని, ముసలితనం వచ్చేసిందని రాశాను. చలికాలంలో నాలుగు మజిలీలు ఉండేవి. రొట్టెల కొట్టు, నట్లూ బోల్టుల కొట్టు, గొడుగులు బాగుచేసే ఆయన కొట్టు, పోస్టు డబ్బా. ఇప్పుడు తొమ్మిదయ్యాయి. గొడుగులాయన దగ్గర మరీ ఎక్కువసేపు ఆగుతాడు. ఆయన రెండు నెలలుగా కొట్టు బయట ఒక స్టూలు వేస్తున్నాడు. వాన చుక్కలేని రోజుల్లో కూడా వచ్చేవాళ్ళ కోసం స్టూలేమిటో అనుకుని, నేను దాని పక్కనే నిలబడి వాడు లేచేదాకా చూసేదాన్ని. రోజూ ఆయన "ఏంటమ్మా, కుక్కకి ఇంకా తగ్గలేదా?" అని అడిగేవాడు. నేను లేదనేదాన్ని.

ఇవన్నీ చదివి నువ్వు ఈసారి ఉత్తరంతోపాటు ఇంకో కాగితం పెట్టావు. 'అక్కా, వాడి బాధ చూస్తూ నువ్వు నలిగిపోవద్దు. నేను వచ్చేదాకా ఆగొద్దు. సంతకం పెట్టి పంపుతున్నాను, మనవాడికి కూడా రాశాను, నిద్రలోనే పంపించేస్తాడు.' ఈ నాలుగు మాటలు రాయడానికి నీకెంతసేపు పట్టిందో సిరా చెప్పింది. రెండు చోట్ల కలం ఆగి మచ్చ పడింది, సంతకం దగ్గర కాగితం వెనక్కి కూడా దిగింది. నాది కాగితాలతో బతుకు, చదవకముందే చూస్తాను. మంగళవారం ఆ కాగితం చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి చాలా భయపడ్డాను. అప్పుడైనా కూర్చుని నిజం రాసి ఉండాల్సింది. రాయలేదు. కాగితం బల్ల సొరుగులో పెట్టి, ఏ రోజుకారోజు చూద్దాంలే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మీవాడు వచ్చాడు. అదే, నీతో ఒకే బెంచీ మీద కూర్చుని ఇప్పుడు జంతువుల డాక్టరైనవాడు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. మొహం చూస్తే సంచీలో సూది కూడా ఉందనిపించింది. మేనేజర్ వెళ్ళి ఆ సంచీనే వాసన చూసి తోక ఊపాడు.

మోకాళ్ళు వంచి చూశాడు, పళ్ళు చూశాడు, గొట్టం పెట్టి గుండె విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"పదకొండేళ్ళ కుక్కకి ఈ గుండేంటక్కా? నాకు ఇచ్చేయమనండి, మార్చుకుంటా" అన్నాడు.

తర్వాత తాడు తీసుకుని వాడిని లైబ్రరీ మెట్లనుంచి రొట్టెల కొట్టుదాకా తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకొచ్చాడు. నేను మెట్లమీద నిలబడి చూస్తున్నాను. తొమ్మిది మజిలీల్లో ఒక్కచోట ఆగితే ఒట్టు. వెనక్కి వచ్చేటప్పుడు పరుగు కూడా తీశారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి రొప్పుతున్నది డాక్టరు, మేనేజర్ కాదు. నాకు తేలు కుట్టిన దొంగ సామెత గుర్తొచ్చింది.

"వీడు ఎక్కడ కూర్చుంటాడన్నారు?"

"గొడుగులాయన దగ్గర ఎక్కువ. ఇవాళ నిన్ను చూసి హుషారుగా ఉన్నాడేమోలే."

"సరే, ఇప్పుడు మీరు పట్టుకోండి."

"బల్లమీద జిగురు ఆరిపోతోందిరా."

"నాలుగడుగులే అక్కా."

నలభై అడుగులు కూడా పడలేదు. మేనేజర్ తల తిప్పి నా వైపు చూశాడు, తర్వాత వచ్చి సరిగ్గా నా రెండు పాదాల మీద కూర్చున్నాడు, ఇక కదలడానికి వీల్లేకుండా. తాడు లాగాను. లేవలేదు. చూశావా, ఇదే నేను రాసేది అని చెప్పబోయాను. మాట రాలేదు, దగ్గు వచ్చింది. దగ్గు ఆగేసరికి మీవాడు కుక్కని చూడటం లేదు.

"గోళ్ళు చూపించండి."

"వాడివా?"

"మీవి."

చూపించాను. నీలంగా ఉన్నాయి. చేతులకి ఎప్పుడూ ఏదో ఒక సిరా ఉంటుందని ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను. వాడు గొట్టం మళ్ళీ బయటికి తీయలేదు, నా చేయి కూడా వదల్లేదు.

"వీడికి ఏ రోగమూ లేదక్కా. వీడు ఎవరికోసం ఆగుతున్నాడో మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?"

నేనే రాస్తానన్నాను. అందుకే ఈ ఉత్తరం.

తమ్ముడూ, జబ్బు నాది. ఎనిమిది నెలలైంది తెలిసి. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయట. దానికి పెద్ద పేరుంది, నీకు విడిగా చీటీలో రాసి పెట్టాను, ఓడలో డాక్టరుంటే చూపించి అడుగు. తగ్గేది కాదు, నెమ్మదిగా నడిపించగలరు. ఎన్నాళ్ళని అడిగితే నన్ను చూసే డాక్టరు సంవత్సరాల్లోనే మాట్లాడాడు, నెలల్లో కాదు. ఈ వాక్యం రెండుసార్లు చదువు.

మొదట్లో దారిలో ఆగేదాన్ని నేనే. కొట్ల అద్దాల్లో వస్తువులు చూస్తున్నట్టు నటించేదాన్ని. కానీ నట్లూ బోల్టుల ముందు ఒక ఆడమనిషి ఎంతసేపని ముచ్చటపడుతుంది? తర్వాత ఒకరోజు నేను ఆగకముందే మేనేజర్ కూర్చున్నాడు. విసుక్కున్నాను. రెండు క్షణాల్లో నాకు ఆయాసం ముంచుకొచ్చింది. మర్నాడూ అంతే. నాకంటే ముందు వాడికి తెలుస్తోంది. నా రొమ్ములో చప్పుడు వింటాడో, మరేం చేస్తాడో, మీవాడిని అడిగితే తనకీ తెలియదన్నాడు. వాడు కూర్చుంటే నాకు ఒక సాకు దొరికింది, చూసేవాళ్ళకి ఒక సమాధానం దొరికింది. అబద్ధం చెబితే అతికినట్టుండాలంటారు కదా. అతికించడం నా వృత్తి. ఎంత బాగా అతికించానంటే, ఊపిరితిత్తుల డాక్టరు 'నడుస్తుంటే మధ్యలో ఆగుతున్నారా?' అని అడిగితే కూడా, 'నేను ఆగనండీ, కుక్క ఆగుతుంది, దాంతో నేనూ నిలబడతాను' అన్నాను. ఆయన పాపం అదే నా ఫైల్లో రాసుకున్నాడు. ఆ ముక్క వల్ల ఎనిమిది నెలలూ నా మందు పెరగలేదు.

ఎందుకు దాచావని అడుగుతావు. అమ్మకి జబ్బు చేసినప్పుడు నువ్వు చదువు మధ్యలో వదిలేసి వచ్చావు. మళ్ళీ మొదలుపెట్టడానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు చీఫ్ ఇంజినీరు పరీక్షకి రెండు నెలలే ఉంది. నా సంగతి రాస్తే మొదటి రేవులోనే దిగిపోతావు, నాకు తెలుసు. అందుకని నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. తీరా చూస్తే, నువ్వు నీ చేత్తో నీ కుక్క చావుకి సంతకం పెట్టేదాకా తీసుకొచ్చాను. అదీ, నన్ను రోజుకి తొమ్మిదిసార్లు కింద పడకుండా ఆపుతున్న కుక్క. గురువారం మీవాడు కాస్త తొందరపాటు మనిషై, నేను ఇంకాస్త మొండిదాన్నై ఉంటే ఏమయ్యేదో తలుచుకున్నప్పుడల్లా వంగి, వాడు బల్లకింద ఉన్నాడో లేదో చూసుకుంటున్నాను. ఈ తప్పుకి నేను క్షమాపణ అడుగుతున్నాను. పెద్దదాన్ని కదా అని ఊరుకోను. నీకూ చెబుతున్నాను, మేనేజర్‌కీ చెప్పాను. వాడు చెవి గోక్కున్నాడు.

శుక్రవారం మీవాడే నన్ను ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. 'సార్, ఆ కుక్కని నేను పరీక్ష చేశాను, అది ఆగడం లేదు' అని సాక్ష్యం చెప్పాడు. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూసి, ఫైల్లో ఆ ముక్క కొట్టేశాడు. మందు మారింది. సోమవారం ఇంటికి ఆక్సిజన్ మిషను వస్తుంది, గదంతా తిరిగేంత పొడుగు గొట్టంతో. బయటికి వెళ్ళడానికి భుజాన వేసుకునే చిన్నది కూడా ఉందట. కుక్క ఇంట్లో ఉండొచ్చా అని అడిగాను. 'ఉండాలి' అన్నాడాయన, 'కాకపోతే ఈసారి అది చెప్పింది నాకు సరిగ్గా చెప్పండి.' దుమ్ము పని తగ్గించమన్నాడు కూడా. లైబ్రరీ కొత్తాయనకి చెబితే, పుస్తకాలు దులిపే పని తను చేస్తానన్నాడు, ముక్కుకి రుమాలు కట్టుకుని. మనుషుల్ని మనం తక్కువ అంచనా వేస్తామురా.

ఇక నీ సంగతి. రావద్దని రాయను, ఆ అధికారం ఇక నాకు లేదు. పరీక్ష రాసి రా అని మాత్రం అడుగుతున్నాను. రాసి వస్తే తలుపు తీస్తాను. ఎగ్గొట్టి వస్తే మేనేజర్ని ఉసిగొల్పుతాను, వాడి కాళ్ళు బాగున్నాయని ఇప్పుడు మనిద్దరికీ తెలుసు. నువ్వు వాడికి గుర్తున్నావా అని అడిగావు కదా. నీ కవరు విప్పగానే ఆ నూనె వాసనకి బల్లకిందినుంచి లేచి వచ్చి, కవరుమీద గడ్డం ఆనించి పడుకున్నాడు. లోపల ఏం రాసుందో వాడికి తెలియదు.

ఆ కాగితం తిప్పి పంపుతాననుకోకు. నిన్న దాన్ని నిఘంటువు వెన్నుకి అతికించేశాను, రాత లోపలివైపుకి పెట్టి, జిగురు రెండు పూతలు వేసి. మంచి గట్టి కాగితం. పైన అట్ట కూడా తొడిగేశాను. నీ సంతకం ఇక ఆ పుస్తకాన్ని పట్టుకుని ఉంటుంది, మరి దేనికీ పనికిరాదు.

ఫోను మైకు బాగానే ఉంది. మూడు మాటలకోసారి నేను ఆగడం వింటే నువ్వు కనిపెట్టేస్తావని ఎత్తలేదు. ఉత్తరంలో ఆ బాధ లేదు, ఎన్నిసార్లు ఆగి రాసినా వాక్యం వాక్యంలాగే ఉంటుంది. ఇది శుక్రవారం మొదలుపెట్టాను, ఇవాళ ఆదివారం. ఈసారి రేవు చేరగానే ఫోన్ చెయ్, ఎత్తుతాను. మధ్యలో చప్పుడు లేకపోతే లైను తెగిందనుకోకు. మేనేజర్లా కాసేపు కూర్చో.

నిన్న ఇంటికి వస్తుంటే గొడుగులాయన కొట్టు దగ్గర వాడు మామూలుగానే నా పాదాల మీద కూర్చున్నాడు. ఆయన మామూలుగానే అడిగాడు.

"ఏంటమ్మా, కుక్కకి ఇంకా తగ్గలేదా?"

"కుక్కకి కాదండీ. నాకు."

ఆయన గొడుగు ఊచ వంచుతున్నాడు. తలెత్తలేదు.

"మరి స్టూలు ఎవరికోసం వేశాననుకున్నారు? కుక్క ఎక్కి కూర్చుంటుందా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే. రెండు నెలలు ఆ స్టూలు పక్కన నిలబడ్డాను. నిన్న కూర్చున్నాను. మేనేజర్ నా మొహంలోకి ఒకసారి చూసి, పాదాల మీదినుంచి లేచి, కొట్టు నీడలోకి వెళ్ళి పడుకుని నిద్రపోయాడు.

ఇట్లు,
కూర్చోవడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ అక్క